నాకు వినబడని కీచురాళ్లు

2003లో, వానలు వెనకబట్టి అరకు కొండల్లో చలి మొదలైన రోజుల్లో జరిగిన సంగతి ఇది. అప్పటికి నాకు యాభై ఏడేళ్లు. విశాఖపట్నంలో చిన్న రికార్డింగ్ స్టూడియో పెట్టి చాలా కాలమైంది. భక్తి పాటల క్యాసెట్లు, చర్చి పాటలు, నాటకాలకు నేపథ్య సంగీతం, ఎన్నికలొస్తే ప్రచార పాటలు, ఏది వచ్చినా చేసేవాణ్ణి. నాకు పేరు తెచ్చింది మాత్రం మిక్సింగ్. విడివిడిగా రికార్డు చేసిన గొంతునీ వాయిద్యాలనీ ఎంతెంత ఉండాలో అంతంత ఉంచి ఒక్క పాటగా కలపడమే మిక్సింగ్ అంటే. ఈ పనిలో యంత్రాలు ఎన్ని ఉన్నా చివరి మాట చెవిదే. నా చెవి మీద నాకు గట్టి నమ్మకం ఉండేది.

ఆ రోజుల్లో హుకుంపేట వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసే లలిత అనే టీచరు నా స్టూడియోకి వచ్చింది. ఆమె మేనత్త చిలకమ్మ డెబ్బైకి దగ్గరపడిన మనిషి. నాట్లకూ, పెళ్లిళ్లకూ, చోళ్లు అనే రాగులు విసిరేటప్పుడూ పాడే పాటలు ఆమెకు తెలిసినన్ని ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియవట.

"అత్త గొంతులో గడ్డ లేచింది సార్," అంది లలిత. "వచ్చే నెల ఇక్కడే ఆపరేషన్. గొంతు నరం ఆ గడ్డని ఆనుకునే ఉందంట. తర్వాత పాడగలదో లేదో సెప్పలేం అన్నారు డాక్టరు. ఈలోగా ఆ పాటలు పట్టుకోవాలి. మీరు బేగి రావాలి."

రెండు మైకులూ, రికార్డరూ జీపులో వేసుకుని కొండెక్కాను. ఆడవాళ్లంతా పొలం నుంచి తిరిగొచ్చాక గానీ పాటకు కుదరదు కాబట్టి పొద్దు వాలే వేళకు లలిత ఇంటి వెనక అరుగు మీద మైకులు అమర్చాను. చిలకమ్మ చిన్న మనిషి. మెడ కింద గడ్డ కొంగు చాటున కూడా తెలుస్తోంది. కానీ నోరు తెరిచిందంటే కొండ అవతలివాళ్లు కూడా తిరిగి చూసేంత గొంతు. ఆమె ఒక చరణం పాడితే మిగతా ఆడవాళ్లు చేతులు పట్టుకుని అడుగులు వేస్తూ అందుకున్నారు. పక్కన తుడుము అనే చిన్న తోలు వాయిద్యం, డప్పు. మొదలుపెట్టే ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చుట్టూ ఏమైనా చప్పుడు ఉందేమోనని విన్నాను. ఏమీ లేదు.

"ఇంత నిశ్శబ్దమైన చోటు నాకెప్పుడూ దొరకలేదు టీచర్ గారూ," అన్నాను.

లలిత నా వంక ఒక క్షణం చూసి నవ్వి ఊరుకుంది. మర్యాదకు అంటున్నాననుకుందని తర్వాత తెలిసింది.

విశాఖ తిరిగొచ్చి మిక్సింగ్ మొదలుపెట్టాను. పాటలు కాస్త మూసుకుపోయినట్టు, కంబళి కప్పినట్టు అనిపించాయి. గొంతులో స, చ లాంటి అక్షరాల పదును, కాళ్ల గజ్జెల మెరుపు, ఇవన్నీ ధ్వనిలో పై స్థాయివి. వాటిని హై ఫ్రీక్వెన్సీలు అంటాం. అవి తగ్గితే పాట మసకబారుతుంది. అందుకని ఆ భాగాన్ని పెంచాను. ఇంకాస్త పెంచాను. పాట నిగనిగలాడుతోందనిపించాక క్యాసెట్ చేయించి తృప్తిగా మళ్లీ కొండెక్కాను.

లలిత ఇంట్లో టేప్‌రికార్డర్ చుట్టూ అందరూ కూర్చున్నారు. పాట మొదలైంది. చిలకమ్మ మొహం విప్పారింది. "నా గొంతే! ఎంత బాగా పట్టినావు బాబూ!" అంది. నేను పొంగిపోబోతూ లలిత వైపు చూశాను. ఆమె నుదురు ముడిపడి ఉంది. పక్కనున్న ఒక కోడలు పిల్ల రెండు చెవులూ మూసుకుంది.

"ఏమైంది?" అన్నాను.

"కాళ్ల గజ్జెలు సెవిలో గుచ్చుకుంటన్నట్టున్నాయి," అంది ఆ పిల్ల.

లలిత మెల్లగా అంది. "సార్, పాట కన్నా కీచురాళ్లే ఎక్కువ ఇనబడతన్నాయి."

"కీచురాళ్లా? ఎక్కడ?"

"ఇందులోనే సార్. మొదటి నుంచీ అరుస్తానే ఉన్నాయి కదా."

టేప్‌రికార్డర్‌కి చెవి ఆనించాను. చిలకమ్మ గొంతు, తుడుము, అడుగుల చప్పుడు. ఇంకేమీ లేదు. ఆ గదిలో కీచురాళ్లు వినబడనివాళ్లం ఇద్దరమే. నేను, డెబ్బైకి దగ్గరపడిన చిలకమ్మ.

"ఏటి, మీకు నిజంగా ఇనబడతన్నాయా?" అని ఆమె కోడలు పిల్లని అడిగింది. "నాకు ఆ పురుగులు అరవడం మానేసి ఎన్నేళ్లయ్యిందో. సచ్చిపోనాయి అనుకున్నాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే క్యాసెట్ బయటికి తీశాను. ఆపరేషన్‌కి ఇక ఎక్కువ రోజులు లేవు. ఆమె చివరిసారి పాడిన పాటలేమో ఇవి.

మర్నాడే విశాఖలో చెవి పరీక్ష చేయించుకున్నాను. బయటి చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి రకరకాల స్థాయిల్లో సన్నటి ధ్వనులు వినిపిస్తారు. వినబడినప్పుడల్లా చెయ్యెత్తాలి. ఫలితాన్ని గీసి ఇచ్చే కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటారు. నా గీత మొదట్లో కుదురుగా నడిచి, పై స్థాయిలకు వచ్చేసరికి మెట్ల మీంచి కాలు జారినట్టు కిందికి పడింది. రెండు చెవులూ ఒకేలా ఉన్నాయి. "వయసుతో వచ్చేదే ఇది," అన్నారు డాక్టరు. "మాట్లాడేవాళ్లు చెప్పేది మీకు బాగానే తెలుస్తుంది. అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు."

ఒక పగలంతా ఆలోచించాను. పని తెలిసిన కుర్రవాడికి ఇచ్చెయ్యడం తేలిక. కానీ ఆ గీతను మళ్లీ మళ్లీ చూస్తే ఇంకో సంగతి కనబడింది. మనిషి గొంతుకు ఒంటిని ఇచ్చే స్థాయిలన్నీ, ఊపిరి, ఛాతీ లోంచి వచ్చే వెచ్చదనం, డప్పు మీద చెయ్యి పడే బరువు, అన్నీ ఆ గీతలో కుదురుగా ఉన్న భాగంలోనే ఉన్నాయి. అక్కడ నా అనుభవానికి ఏ లోటూ రాలేదు. పోయింది పై అంచు మాత్రమే. ఆ అంచుకు ఇంకొకరి చెవి అరువు తెచ్చుకుంటే సరిపోతుంది.

లలితకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "వేరేవాళ్లతో చేయించుకుంటానన్నా నాకేమీ కష్టం లేదు," అన్నాను.

"ఆస్పత్రి పరీక్షలకి అత్తని తీసుకుని ఎలాగూ వత్తన్నాను సార్. మీ పక్కన నేను కూసుంటాను. పాట మీరు సూడండి. పురుగుల సంగతి నేను సూత్తాను," అంది.

అలాగే కూర్చున్నాం. స్పెక్ట్రమ్ ఎనలైజర్ అని, ఏ స్థాయి ధ్వని ఎంత ఉందో తెర మీద కొండల వరసలా చూపించేది ఒకటి ఉంటుంది. దానివైపు నేను అన్నాళ్లూ సరిగా చూసిందే లేదు. ఆ రోజు చూస్తే కీచురాళ్లు ఒక్కచోట నిటారుగా శూలంలా నిలబడి ఉన్నాయి. ముందు నేను పెంచిందంతా దించేశాను. తర్వాత ఆ శూలం ఉన్న సన్నటి పట్టీని మాత్రమే కోస్తూ వచ్చాను.

"ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి. కొంచెం దూరం ఎల్లినాయి."

"ఇప్పుడో?"

"ఇంకా కొయ్యండి సార్. పూర్తిగా పోవాలి."

అక్కడ నేను ఆపాను. "ఇంతకన్నా కోస్తే మీ అత్త మాటల్లో స, చ అరిగిపోతాయి. ఒకసారి విని చూడండి," అని ఇంకాస్త కోసి వినిపించాను. లలిత వెంటనే తల అడ్డంగా ఊపింది. "వద్దు, వద్దు. పళ్లు ఊడిపోయినట్టుంది." నాకు వినబడకపోయినా, ఎంత కోస్తే ఏది పోతుందో ఇన్నేళ్ల పని నాకు నేర్పింది. ఎక్కడ ఆపాలో ఆమె చెవి చెప్పింది. తుడుము, డప్పు ఉన్న పాటలన్నీ అలా ఒక్కొక్కటే దారికొచ్చాయి.

చోళ్లు విసిరే పాట మాత్రం రాలేదు. అది చిలకమ్మ ఒక్కతే, వాయిద్యాలు లేకుండా, తనలో తాను అనుకుంటున్నట్టు పాడే పాట. పురుగుల గోల దాని నిండా ఉంది. కోస్తే గొంతు పోతోంది, ఉంచితే పాట పోతోంది.

అంతసేపూ బెంచీ మీద కునుకుతున్న చిలకమ్మ కళ్లు తెరిచింది. "ఏటి, ఆ పాటకేటయ్యింది? మళ్లీ పాడమంటే పాడతాను కదా. గొంతు ఇంకా ఉంది."

"రేపు ఆస్పత్రిలో చేరాలి అత్తా, అలిసిపోతావు," అంది లలిత.

"రేపు కత్తి ఎడతారు. ఇయ్యాల పాడకపోతే ఎప్పుడు పాడతాను?"

లోపలి గదిలో తలుపులు బిగించి మైకు పెట్టాను. ఆమె చుట్టూ చూసి నేల మీద కూర్చుంది. కుడిచెయ్యి తిరగలి పిడి మీద ఉన్నట్టే తిప్పుతూ పాడింది. అద్దం ఇవతల లలిత ఏడుస్తోంది. నా కళ్లు మీటర్ల మీదే ఉన్నాయి గానీ, ఆ గొంతు నా ఒంటి నిండా వినబడింది. రెండోసారి పాడించలేదు. దాని మీద చెయ్యి కూడా పెద్దగా వెయ్యలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. చిలకమ్మ బతికి బట్టకట్టింది. గొంతు మాత్రం బాగా కిందికి దిగిపోయింది. పై శ్రుతి ఇక అందలేదు. చలికాలం చివర్లో క్యాసెట్లు తీసుకుని వెళ్తే, ఆమె ఎదుట ఊరి పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. పాత పాట వేశాను. శ్రద్ధగా వింది.

"అప్పుడు దీనికి పొగరెక్కువ," అంది గొంతు తడుముకుంటూ, బొంగురుగా. తర్వాత పిల్లల వైపు తిరిగి, "అదిగో, అలాగ పాడాల. తప్పితే నేను సెప్తాను. సెప్పడానికి ఈ గొంతు సాలు," అంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు పని చేశాను. ఎవరు వచ్చినా మొదటి మాటే చెప్పేవాణ్ణి: పై స్థాయిలు నా చెవికి అందవు, మీలో ఒకరు పక్కన కూర్చోవాలి, మిగతాది నాకు వదిలెయ్యండి అని. కొందరు వెళ్లిపోయారు. కూర్చున్నవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చారు. పై స్థాయిలు పెంచాలని చెయ్యి దురద పెట్టినప్పుడల్లా ముందు తెర చూసేవాణ్ణి, తర్వాత పక్కవాళ్లను అడిగేవాణ్ణి. నాకు వినబడకపోతే అక్కడ ఏమీ లేదనుకోవడం ఆ ఏడాదితో మానేశాను. పని మాత్రం మానలేదు.