గోడలు లేని దర్వాజలోంచి వచ్చిన సారు

మా ఇండ్ల సారు పోయారు. మొన్న పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలు కొంటుంటే మా బిడ్డ ఫోన్ చేసింది. "నాయినా, ఇండ్ల సారు పోయిండంట. నిద్రల్నే పోయిండంట." సంచీ పట్టుకొని బస్‌స్టాప్‌లో కూర్చున్నాను. ఇది ఏడుస్తూ రాయాల్సింది. నాకేమో ఆయనను తలుచుకుంటే సంతోషమే పొంగుకొస్తుంది. నిండుగా బతికిన మనిషి! మాలాంటి ఎందరికో సొంతిల్లు చూపించిన మనిషి!

ప్రభుత్వం పేదలకిచ్చే ఇంటి లోనుకు ఆయన కొలతల ఆఫీసరు. ఆ లోను ఒక్కసారే చేతికొచ్చేది కాదు. బేస్‌మెంటు లేస్తే ఒక బిల్లు, గోడలు లేస్తే ఒకటి, స్లాబు పడితే ఒకటి. ప్రతిసారీ సారు వచ్చి టేపు పెట్టి చూడాలి. లోను ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చేవారు. అందుకే సారు రాగానే "ఇంటావిడ ఎక్కడండీ?" అనేవారు. నన్ను ఆ తర్వాతే చూసేవారు.

నేను నల్గొండ పల్లె నుంచి వచ్చి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో హమాలీ చేసేవాణ్ణి. మీర్‌పేట్ దిక్కు జాగా, లోను మంజూరయ్యాయి. అప్పుడే కిరాయి ఇంటి ఓనరు మిరుగం కార్తె లోపల ఖాళీ చేయమన్నాడు. వానలు మొదలయ్యేలోపు స్లాబు పడకపోతే చంటిపిల్లతో రోడ్డు మీదే.

మేమేం చేశాం? బేస్‌మెంటు కట్టకముందే దర్వాజ నిలబెట్టాం! మూఢం వస్తోంది, తర్వాత మంచి రోజుల్లేవన్నారు అయ్యగారు. చేతిలో ఉన్నదంతా టేకు దర్వాజకు పెట్టి, పునాది గుంతల పక్కన బొంగుల ఊతంతో నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టాం. రాళ్లు కుప్పగా పడే ఉన్నాయి. కట్టడానికి పైసల్లేవు.

సారు వచ్చి నడుం మీద చేతులేసుకొని చూశారు. ఆయనది గుంటూరు మాట.

"ఇదేం విడ్డూరమండీ! బేస్‌మెంటు లేకుండా గుమ్మమా?"

"మంచి గడియ మళ్ల దొరుకుతదా సార్? మా ఇల్లు దర్వాజతోనే షురువైంది," అంది మా ఇంటామె, జంకకుండా.

"నేను బేస్‌మెంటు కొలవాలమ్మా. గుమ్మానికి బిల్లు రాయలేను."

ఆమె ముఖం వాడిపోయింది. అప్పుడు సారు ఏం చేశారో తెలుసా! చుట్టూ ఖాళీయే, ఎటునుంచైనా రావచ్చు. ఆయన చెప్పులు విడిచి, తల వంచి, ఆ దర్వాజలోంచే లోపలికొచ్చారు. మట్టిలో నిలబడి నాలుగు దిక్కులూ చూసి, "మీ ఇంట్లో గాలి బాగా వస్తోందండీ," అన్నారు. మా ఇంటామె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "త్వరగా కట్టండి. ఆదివారమైనా సరే, వచ్చి కొలుస్తాను."

మేస్త్రీ బిల్లొచ్చాకే కూలి తీసుకుంటానన్నాడు. వీధిలో లోను వచ్చిన వాళ్లంతా తట్టలు పట్టుకొచ్చారు. "ఏం వదినె, దర్వాజకు తాళమెయ్యవా? దొంగలొస్తరు!" అని ఎక్కిరిస్తూనే రాళ్లందించారు, మొరం మట్టి మోశారు. సారు అన్నట్టే ఆదివారం వచ్చారు. అంగుళం తగ్గించలేదు, పెంచలేదు. దండం పెట్టబోతే, "నాకెందుకండీ? కట్టింది మీరు, కొలిచింది నేను," అన్నారు. ఎవరింట్లోనైనా అదే మాట.

ఇప్పుడొచ్చి చూడండి మా వీధిని! లోను ఇండ్లన్నిటి మీదా మేడలు లేచాయి. ఆనాటి చంటిపిల్ల ఎల్బీనగర్‌లో నర్సు. మా పై అంతస్తు తనే కట్టించింది.

నా కళ్లలో మాత్రం ఆ ఏటి తొలి వానే ఉంది. స్లాబు కింది కర్రలు తీసిన మర్నాడే కురిసింది. రెక్కల్లేని కిటికీల్లోంచి జల్లు కొడుతోంది. చివరి బిల్లుకు వచ్చిన సారు కొలవడం మరచి, మా పిల్లను ఎత్తుకొని గది మధ్యలో నిలబడ్డారు. మీద ఒక్క చుక్క పడలేదు. పిల్ల పైకి చూస్తోంది. సారూ పైకే చూస్తున్నారు.