ఇంకా చల్లారలేదమ్మా

కొలిమి బాబాయికి ఉన్న జబ్బల్లా ఒకటే, ఏదీ చల్లారిందని ఒప్పుకోడు. టీ ఇస్తే అరగంట పక్కన పెడతాడు. కుర్చీ వేస్తే, ఇందాకటిదాకా ఎండలో ఉందని నిలబడే మాట్లాడతాడు. ఇక ప్రయోగశాలలో ఆయన చూసుకునే కరెంటు కొలిమి సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని తాళంచెవి ఆయన జేబులో, దాని మీటరు మీద ఆయన తువ్వాలు. ముప్పై ఏళ్లుగా ఎవరడిగినా ఒకటే జవాబు, "ఇంకా చల్లారలేదమ్మా." డైరెక్టరుగారు అడిగినా అదే 'అమ్మా'.

ఆ రోజు మాత్రం ఆ మాటకి పరిశోధక విద్యార్థినికి ఒళ్లు మండింది. కొలిమిలో ఉన్నది ఆమె ఆఖరి పింగాణీ దిమ్మ. తేనెపట్టులా సన్నని గదులున్న ఆ దిమ్మకి లోపలంతా నికెల్ ఆవిరిని పల్చటి పొరగా పట్టించింది. ఆ పొర మీదుగా పోనిస్తే, భూమిని వేడెక్కించే రెండు వాయువులు ఇంధనానికి పనికొచ్చే వాయువుగా మారాలి. నాలుగింటికి కమిటీ వస్తుంది. వాయువుల్ని అలా మార్చి చూపించకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. ముందరి రెండు దిమ్మలూ ఆమె చేతిలోంచే జారి ముక్కలయ్యాయి. ఆ బెంగతో రెండు రోజులుగా కంటిమీద కునుకు లేదు.

పదింటికి అడిగింది. పదకొండింటికి బతిమాలింది. పన్నెండింటికి డైరెక్టరుగారితో చెబుతానని బెదిరించింది. వేడి మీద తీస్తే పొర పెచ్చులూడుతుందంటూ బాబాయి పాత కొలిమి చరిత్ర ఎత్తుకున్నాడు. ఆ చరిత్ర విని మేలుకుని ఉన్న మనిషి ఇంతవరకూ లేడు. ఇటుకల లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆమె కుర్చీలోనే నిద్రపోయింది.

మూడింటికి ఆయనే తట్టి లేపి తాళంచెవి చేతిలో పెట్టాడు. దిమ్మ చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. నాలుగింటికి వాయువులు వదిలారు, తెరమీద ఇంధన వాయువు గీత పైకి పాకింది, ప్రాజెక్టుకి ఇంకో రెండేళ్లు దొరికాయి.

సంతోషంగా సామాను సర్దుకుంటూ ఆమె కొలిమి మీటరు మీది తువ్వాలు తీసింది. మీటరులో పొద్దుటి నుంచీ కొలిమి వేడి లెక్కలన్నీ ఉన్నాయి.

"బాబాయ్, ఇది పదిన్నరకే చల్లారిపోయింది. ఆ తర్వాత కూడా లేదంటూ నన్నెందుకు ఏడిపించారు?"

"కొలిమి చల్లారిందమ్మా. పొద్దున నీ చేతులు చూసుకున్నావా? నీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేకపోయావు. కాసేపు పడుకోమంటే వినేదానివేనా?"

ఆమెకి కోపం రాబోయి నవ్వొచ్చింది. ఈ మంచితనం అందరికీ తెలియాలి, ముందు డైరెక్టరుగారికే చెబుతానంది.

బాబాయి కంగారుగా తువ్వాలు లాక్కుని మళ్లీ మీటరు మీద కప్పాడు.

"ఆయనకి మాత్రం చెప్పకు తల్లీ. రేపు ఆయన దిమ్మ పెడుతున్నాం. పాపం, ఆయన సరిగ్గా నిద్రపోయి వారమైంది."