వైడ్ కాదు బిడ్డా, సేఫ్

కింది ఫ్లాటు మామయ్య పోయాడన్న కబురు నాకు రియాద్ మెట్రోలో అందింది. అందింది గానీ అర్థం కాలేదు. జగిత్యాల నుంచి అత్తయ్య వాయిస్ మెసేజ్ పెట్టింది. "మీ మామయ్య ఇల్లు చేరిండు బిడ్డా" అంది, అంతే. గుండెనొప్పితో ఆస్పత్రిలో ఉన్న మనిషి కదా, డిశ్చార్జి చేసి ఇంటికి పంపారనుకున్నాను. "హమ్మయ్య, చాలా సంతోషం అత్తయ్యా, సాయంత్రం ఫోన్ చేస్తాను" అని జవాబిచ్చి, కింద ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాను. రెండు స్టేషన్లు దాటాక గుర్తొచ్చింది ఆ మాట ఎవరిదో. అది మామయ్య బేస్‌బాల్ మాట. నాలుగు మూలలూ చుట్టి, మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చిన ఆటగాణ్ని ఆయన "ఇల్లు చేరిండు" అనేవాడు. పరుగు పూర్తయిందని దాని అర్థం.

వెంటనే రైలు దిగి ఫోన్ చేశాను. అత్తయ్యే ముందు మాట్లాడింది.

"నవ్వు బొమ్మ చూసిన బిడ్డా. ఏం అనుకోకు. ఆయనుంటే దాన్ని ఊరంతా చూపెట్టి నవ్వేటోడు."

ఆయన మాకు బంధువు కాదు. మాది తెనాలి వైపు, వాళ్ళది జగిత్యాల. జెద్దాలో, అజీజియాలోని ఒక పాత భవనంలో వాళ్ళది కింది ఫ్లాటు, మాది పైది. సామాను దించుకున్న రోజే మా అమ్మను "చెల్లె, చాయ్ పత్తి ఉన్నదా" అని అడిగాడట. ఆ చెల్లె అన్న మాటతో అమ్మకు అన్నయ్య, నాన్నకు బావ, నాకు మామయ్య అయిపోయాడు. వాళ్ళకు పిల్లల్లేరు. ఆయన ఆస్పత్రుల్లో డయాలసిస్ యంత్రాలు బాగుచేసే సర్వీసు ఇంజనీరు. ఆ యంత్రాల కంపెనీ నుంచి వచ్చిన ఒక అమెరికా ఇంజనీరు ఆయనకు రెండు పిచ్చులు అంటించి పోయాడు. ఒకటి బేస్‌బాల్, రెండోది జాజ్. వెళ్ళేముందు తన బ్యాటు, నాలుగైదు పాత రికార్డులు ఇచ్చేసి వెళ్ళాడు. మిగతావన్నీ మామయ్య హరాజ్‌లో ఏరుకున్నవే. హరాజ్ అంటే పాత సామాన్ల సంత. దేశం విడిచి వెళ్ళిపోయేవాళ్ళ ఇళ్ళన్నీ చివరికి అక్కడే తేలతాయి.

శుక్రవారం పొద్దున మా మెట్ల మీదుగా ముందు ఇలాచీ వాసన, తర్వాత ట్రంపెట్ పైకొచ్చేవి. నేను హోంవర్కు పట్టుకుని కిందికి దిగేదాన్ని. పాట మధ్యలో మసీదు నుంచి బాంగు వినిపిస్తే మామయ్య లేచి రికార్డు మీది సూదిని వేలితో పైకెత్తి, అలాగే పట్టుకుని నిలబడేవాడు. పళ్ళెం కింద నిశ్శబ్దంగా తిరుగుతూనే ఉండేది. బాంగు అయిపోయాక ఎత్తిన చోటే మళ్ళీ సూది దించేవాడు. ఆపేయొచ్చు కదా అంటే, "ఆపితే మోటర్‌కు కష్టం. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు జరసేపు ఆగాలె, గంతే" అన్నాడు.

మా ఇంట్లో నాన్నకు పాటంటే మాటలుండాలి. అందుకే ఈ మాటల్లేని గొడవ ఏమిటని ఒకసారి అడిగాను.

"మాటల్లేవని ఎవలు చెప్పిండ్రు? గీ అట్ట మీద పెద్దగొట్టం ఉన్నది చూడు, ఇది మన సన్నాయికి మేనమామ. అది అడుగుతున్నది. ట్రంపెట్ జవాబు చెప్తున్నది. నడుమ డ్రమ్మోడు ఇద్దర్నీ ఎక్కిస్తున్నడు. మా దిక్కు ఒగ్గు కథల డోలోళ్ళు గిట్లనే కొట్లాడుకుంటరు. చివరికి అందరూ మొదటి పాటకే వస్తరు. ఇను."

విన్నాను. నిజంగానే వచ్చారు. ఎక్కడెక్కడో తిరిగిన వాయిద్యాలన్నీ మొదటి వరుస దగ్గర మళ్ళీ కలిశాయి. మామయ్య నా మొహమే చూస్తున్నాడు. ఏదైనా ఇచ్చి ఎదుటివాళ్ళ మొహం చూడటం ఆయన అలవాటు.

ఆ అలవాటుకు ఎక్కువగా బలయ్యింది మా నాన్న. కారణం బీరు. ఆ దేశంలో బీరేమిటని కంగారు పడకండి. రంజాన్ నెలలో జెద్దా వీధుల్లో సంచుల్లో పోసి అమ్మే సోబియా అనే బార్లీ పానీయం ఉంటుంది. దాన్ని మామయ్య ఏడాది పొడుగునా ఇంట్లో చేసేవాడు. బార్లీ, ఎండిన రొట్టె ముక్కలు నానబెట్టి, బట్టలో వడకట్టి, దాల్చినచెక్క, ఇలాచీ వేసి ఫ్రిజ్‌లో పెట్టేవాడు. ఒకసారి ఎండు ఖర్జూరం, ఇంకోసారి తాయిఫ్ నుంచి తెచ్చిన దానిమ్మ. ప్రతి జగ్గుకూ ఒక పేరు. "ఒక్క పూట ఎక్కువ నానితే అసలు బీరైతది. అసలు బీరైతే నేను జగిత్యాలల ఉంట" అనేవాడు. అత్తయ్యకు ఈ సంబరం పట్టేది కాదు. "జరమొచ్చినోళ్ళకు తాపే గంజి. దానికి బీరని పేరు, మళ్ళ దానికి గాజు గలాసు."

నాన్న "బాగుంది బావగారూ" అని తాగినట్టే తాగి, మామయ్య అటు తిరగగానే బాల్కనీలోని పుదీనా కుండీలో పోసేవాడు. ఒకరోజు మామయ్య ఆ కుండీ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"బావా, నీ పుదీన మస్తు పెరిగింది. జర చూసుకో. తాగుబోతు పుదీన."

ఆట మాత్రం ఇస్తిరాహ్‌లో. అంటే చుట్టూ ఎత్తు గోడలున్న విడిది తోట. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక పూటకు అద్దెకు తీసుకునేవాళ్ళం. గోడలున్నాయి కాబట్టి ఆడపిల్లలం కూడా పైన వేసుకునే నల్ల అబాయాలు విప్పి గేటు పక్కన కుప్పపోసి ఆడొచ్చు. మేమంతా క్రికెట్ పిల్లలం. బంతి కొట్టగానే బ్యాటు చేతిలో పట్టుకునే పరిగెత్తేవాళ్ళం. క్రికెట్‌లో బ్యాటు చాచి గీత ముట్టిస్తేనే గదా బతికేది. బేస్‌బాల్‌లో కొట్టడంతోనే బ్యాటు పని అయిపోతుంది. తర్వాత అది బరువే.

"బ్యాట్ పడెయ్ బిడ్డా, పడేసి ఉరుకు" అని మామయ్య అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేవాడు. మా అమ్మ కూడా ఒకసారి చీర కుచ్చిళ్ళు ఎగదోపి కొట్టింది. బ్యాటుతో సహా పరిగెత్తింది. "చెల్లె, అది అప్పడాల కర్ర కాదు, ఎవలు ఎత్తుకపోరు, పడెయ్" అని ఆయన మొత్తుకుంటుంటే ఆవిడ నవ్వాపుకోలేక మధ్యలోనే కూలబడింది.

నేను ఎట్టకేలకు బ్యాటు పడేసి, మొదటి మూలకు సరిగ్గా చేరిన రోజు ఇంకో చిక్కొచ్చిపడింది. అంపైరు మామయ్యే. నన్ను చూసి రెండు చేతులూ పక్కలకు బారచాపాడు. క్రికెట్‌లో దాని అర్థం వైడ్. ఈ బంతి లెక్కలోకి రాదు కాబోలనుకుని, తిన్నగా వెనక్కి నడిచి బ్యాటు తీసుకోవడానికి వంగాను. ఎదుటి జట్టువాళ్ళు తీరిగ్గా వచ్చి బంతి నా వీపుకు ఆనించారు. ఔటు.

"వైడ్ కాదు బిడ్డా, సేఫ్. చేతులు చాపితే ఈడ సేఫ్ అని. నువ్వు చేరినవ్. చేరినంక ఎనుకకు ఎందుకొచ్చినవ్?"

ఆ తర్వాత జెద్దా తెలుగు కుటుంబాల్లో నా పేరు వైడ్ పిల్ల.

నితాకత్ అన్న మాట అప్పటికే ఇళ్ళలో నలుగుతుండేది. సౌదీ వాళ్ళకు ఎన్ని ఉద్యోగాలిచ్చారన్న దాన్ని బట్టి ప్రతి కంపెనీకీ ఒక రంగు. మామయ్య కంపెనీ ఆకుపచ్చ నుంచి పసుపులోకి జారింది. "మా కంపెనీ ట్రాఫిక్ లైటయింది" అని ఆయనే నవ్వాడు. తర్వాత కుటుంబాల మీద లెవీ అని ఒక పన్ను వచ్చింది. తండ్రి అకామా మీద, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు మీద ఉన్న ప్రతి మనిషికీ, నెలనెలా. మా భవనం అంతస్తులవారీగా ఖాళీ అయింది. హరాజ్ సోఫాలతో, ఊయల తొట్లతో నిండిపోయింది. వెళ్ళిపోయేవాళ్ళ రికార్డులు కూడా అక్కడికే వచ్చేవి. మామయ్య సేకరణ అంతకు ముందెన్నడూ అంత పెరగలేదు. పెట్టెలు మోసుకొచ్చి సంతోషపడాలో వద్దో తెలియక మెట్ల మీద కూర్చునేవాడు.

నేను పన్నెండో తరగతి అయిపోయి ఇంట్లో కూర్చున్నాను. అక్కడ నేను చదవగలిగిన కాలేజీ లేదు. హైదరాబాదులో స్టాటిస్టిక్స్‌లో సీటు వచ్చింది. అమ్మనూ నన్నూ ఫైనల్ ఎగ్జిట్‌లో పంపేస్తానన్నాడు నాన్న. అంటే అకామా రద్దు, తిరిగి వచ్చే దారి మూత. నేను మొండికేశాను. రీఎంట్రీ వీసా మీదే వెళ్తాను, అకామా ఉంచాల్సిందే అన్నాను. నేను పెరిగిన ఊరు నాది కాదని ఒక ముద్రతో తేల్చేస్తే ఎలా. నాన్న నాకు ఎదురు చెప్పలేదు. లెవీ డబ్బు కోసం, ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు ఒక దుకాణంలో లెక్కలు రాయడం మొదలుపెట్టాడు. అకామా ఇప్పించిన యజమాని, అంటే కఫీల్ దగ్గర కాకుండా బయట పనిచేస్తూ పట్టుబడితే అసలు ఉద్యోగమే కాదు, దేశమే వదలాలి. ఈ సంగతి అమ్మ నాకు చెప్పలేదు. మెట్ల దగ్గర మామయ్యకు చెప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

మరునాడు మామయ్య జగ్గు పట్టుకుని పైకొచ్చాడు. నాకు గ్లాసులో పోసి, ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి రుచి ఎలా ఉందని మొహం చూడలేదు.

"నీ చేతుల ఏమున్నది బిడ్డా?"

"గ్లాసు."

"కాదు. బ్యాటు. అకామా పట్టుకొని ఉరుకుతున్నవ్. నీ కొట్టుడు అయిపోయింది. ఈడ పుట్టినవ్, చదివినవ్, పాసైనవ్. ఇగ అది మోస్తే అలసిపోయేది నువ్వు కాదు, మీ నాయిన." దుకాణం సంగతి అప్పుడు చెప్పాడు.

గ్లాసు పక్కన పెట్టి అడిగాను. "పడేస్తే మళ్ళీ ఎలా వస్తాను?"

"ఇప్పటిదాక మీ నాయిన పేరు మీద ఉన్నవ్. నీ వంతు మళ్ళ వస్తది. అప్పుడు నీ బ్యాటు నువ్వే పట్టుకొస్తవ్."

నాకు ఒళ్ళు మండింది. "మీరైతే చెప్తారు మామయ్యా. మీ రికార్డులు వదిలేయండి చూద్దాం."

ఆయన నవ్వి జగ్గు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ శుక్రవారం కింది నుంచి పాట రాలేదు. దిగి చూస్తే పెట్టెలు కారెక్కుతున్నాయి. ఆయన కంపెనీ అప్పటికే ఎర్ర రంగులోకి వెళ్ళింది, ఇక ఆయన అకామా పొడిగించరు. ఆ మాట నాతో అనకుండానే పైకొచ్చి కూర్చున్నాడన్నమాట. అత్తయ్యతోపాటు నేనూ కారెక్కాను. హరాజ్‌లో ఒక యెమెనీ దుకాణదారు పక్కన స్టూలు వేసుకుని మామయ్య రికార్డులు వాయిస్తూ కూర్చున్నాడు. ఎంతకిస్తావని బేరమాడినవాళ్ళను పంపేశాడు. ఒక ఫిలిపినో నర్సు, ఒక సూడానీ ముసలాయన, పాత బజారు బలద్‌లో గడియారాలు బాగుచేసే ఇంకో మనిషి, నిలబడి పాట చివరిదాకా విన్నారు. వాళ్ళకు ఊరికే ఇచ్చేశాడు.

"అడిగినోనికి కాదు, ఆగి ఇన్నోనికి ఇయ్యాలె" అన్నాడు. చివర్లో యంత్రం నుంచి సూది ఊడదీసి రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "పాటలు యాడైనా దొరుకుతయి. మంచి సూది దొరకదు."

ఇంటికి రాగానే నాన్నతో చెప్పాను, ఫైనల్ ఎగ్జిట్ కొట్టించమని. నాన్న ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళలేదు.

మామయ్య జగిత్యాల వెళ్ళాక ఇంకో యంత్రం సంపాదించి ఆ సూదే బిగించాడు. బడి మైదానంలో పిల్లలకు బ్యాటు పడేయడం నేర్పాడు. రోడ్డుకు అవతలే బ్రాందీ షాపు ఉన్నా బార్లీ నానబెడుతూనే ఉన్నాడని అత్తయ్య ఫోన్‌లో వాపోయేది. పక్కనుంచి ఆయన గొంతు వినిపించేది. "అది తాగితే మత్తొస్తది. ఇది తాగితే జెద్దా యాదికొస్తది." నాకు రియాద్‌లో ఆస్పత్రి లెక్కల విభాగంలో ఉద్యోగం వచ్చి, నా పేరు మీదే అకామా చేతికందిన రోజు ఆ కార్డు ఫొటో ఆయనకే ముందు పంపాను. "మంచిగ పట్టుకో. మరీ గట్టిగ పట్టుకోకు" అని జవాబొచ్చింది.

కబురు తెలిసినప్పటి నుంచి నాకు జెద్దా విమానాశ్రయమే కళ్ళలో తిరుగుతోంది. అమ్మా నేనూ వెళ్ళిపోయే రోజు. మక్కాలో ఉమ్రా ముగించుకుని వెళ్ళే యాత్రికులతో హాలంతా తెల్లగా ఉంది. కౌంటరులో అధికారి పాస్‌పోర్టు మీద ముద్ర వేసి, నా అకామా కార్డు సొరుగులో పడేసుకున్నాడు. చేయి ఖాళీ అయింది. ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగాను. తాడు అవతల, నాన్న పక్కన మామయ్య. రెండు చేతులూ బారచాపి నిలబడ్డాడు. ఒక చేతి వేలికి కారు తాళాలు వేలాడుతున్నాయి. నన్ను చూసి పెదాలు కదిపాడు. ఆ మాటేమిటో వినబడక్కర్లేదు.

ఈసారి వెనక్కి నడవలేదు. మలుపు దగ్గర మాత్రం ఒకసారి చూశాను. ఆయన చేతులు ఇంకా దించలేదు. జమ్‌జమ్ నీళ్ళ డబ్బాలు మోసుకుంటున్న యాత్రికులు ఒకరి వెనక ఒకరు తలలు కాస్త వంచి, ఆ చాపిన చేయి కింది నుంచి దాటుకుని లోపలికి వస్తున్నారు.