అప్పన్న కొండకి నా టైంటేబుల్

చూపు లేని మనిషిని చూపున్న మనిషి చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఇద్దరిలో ఎవరు గోతిలో పడతారు? తొందరపడి జవాబు చెప్పకండి. నేను చెప్పబోయే ఘోరం మొత్తం విన్నాక చెప్పండి. ఇందులో ఒక కొండ ఉంది, ఒక మొక్కు ఉంది, మా అత్తగారు ఉన్నారు. వీటన్నిటికంటే ప్రమాదకరమైన వస్తువు మరొకటి కూడా ఉంది. అది ముప్ఫయ్యేళ్ళ వయసులో నా తెలివి.

ఎనభైల మొదట్లో నేను విశాఖపట్నం హార్బరులో గుమస్తాని. ఏ ఓడ ఏ పూట ఏ బెర్తుకి రావాలో చార్టు రాయడం నా ఉద్యోగం. మాది కృష్ణా జిల్లా. ఎలమంచిలి దగ్గరి పిల్లని చేసుకుని ఇక్కడివాణ్ణయిపోయాను. మేడలంత ఓడలు నేను గీసిన గీత ప్రకారం కదులుతుంటే మనిషికి ఏమవుతుందో మీరే ఊహించుకోండి. సూర్యుడు కూడా పొద్దున్నే నా సంతకం కోసం ఎదురుచూస్తాడనిపించేది.

మా అత్తగారు అప్పలనరసమ్మగారు పొలంలో పుట్టి పొలంలో పెరిగిన మనిషి. మా ఆవిడ సుశీలకి తొలికాన్పు కష్టమై తల్లీబిడ్డా దక్కరన్నప్పుడు, ఆసుపత్రి వరండాలో నిలబడి సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నారు. ఇద్దరూ బతికితే కాలినడకన కొండ చుట్టూ తిరిగొస్తానని. ఇద్దరూ బతికారు. మొక్కు మాత్రం ఒక ఏడు నాట్లని, ఒక ఏడు మావగారి జబ్బని వాయిదా పడుతూ వచ్చింది. ఈలోగా ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మేశాయి. మనిషి నీడలాగా, వెలుగు మరకలాగా కనిపించే దశకి వచ్చాక డాక్టరుగారు ఆపరేషన్‌కి రోజు పెట్టారు. ఆషాఢ పున్నమి, అంటే లోకమంతా కొండ చుట్టూ తిరిగే రోజు, ఆపరేషన్ రోజు తర్వాత నెలకి గానీ రాదు.

"మొక్కు తీర్సకుండా కత్తి కిందకి నానెల్లను," అన్నారు అత్తగారు.

"పున్నమి దాకా ఆగితే సూపే దక్కదన్నారమ్మా!" అంది సుశీల, కళ్ళనీళ్ళతో.

"దక్కకపోతే పోనీ. బాకీతో బల్లెక్కితే అప్పన్న ఊరుకుంటాడేటి?"

తల్లీకూతుళ్ళు రెండు రోజులు అన్నాలు సరిగ్గా తినలేదు. మూడోరోజు నేను గొంతు సవరించుకున్నాను.

"పున్నమి దాకా ఎందుకండీ అత్తయ్యగారూ? వచ్చే ఆదివారం నేను తీసుకెళ్తాను. తోపులాట ఉండదు. ప్లాను నేను వేస్తాను."

ఆ ఆఖరి మాట దగ్గరే నన్ను ఎవరైనా కొట్టి ఉండాల్సింది.

ఆఫీసు నుంచి పెద్ద కాయితం తెచ్చాను. స్కేలు పెట్టి గళ్ళు గీశాను. మైళ్ళు, గంటలు, మజ్జిగ తాగే చోట్లు అన్నీ రాశాను. అప్పుడు నాకు ఒక పెద్ద లోపం కనిపించింది. జనం కొండ కింద తొలిమెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం మీదుగా సముద్రానికి వెళ్ళి, మాధవధార, గోపాలపట్నం మీదుగా తిరిగొస్తారు. అంటే చల్లటి పొద్దుటిపూట చెట్ల నీడలో నడిచి, మిట్టమధ్యాహ్నం ఊళ్ళో తారురోడ్డు మీద మాడతారన్నమాట! తరతరాలుగా ఇన్ని లక్షల మంది తిరుగుతూ ఒక్కరూ ఈ చిన్న సంగతి గమనించలేదే అని జాలిపడ్డాను. దారిని తిరగేశాను.

పెద్దవాళ్ళు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. పట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. గుళ్ళో ధ్వజస్తంభం చుట్టూ నేనెప్పుడూ తప్పు తిరగలేదు. కానీ ఇరవై మైళ్ళ కొండ చుట్టూ తిరగడం కూడా ప్రదక్షిణమేనని, దేవుడు కుడిచేతి వైపే ఉండాలని నా బుర్రకి తట్టలేదు. నాకది రూటు, అంతే.

శనివారం సాయంత్రమే అత్తగారూ నేనూ కొండ కింద సత్రంలో దిగాం. ఆదివారం తెల్లవారుతూనే కొబ్బరికాయ కొట్టి, అత్తగారి చెయ్యి పట్టుకుని, గోపాలపట్నం వైపు తిప్పాను. ఆవిడ ఉత్త కాళ్ళతో, నేను కాన్వాసు బూట్లతో. కాసేపటికి ఎండ వచ్చింది.

"పొద్దు ఈపు మీద కొడతందేటి బాబూ? సిన్నప్పుడు మాయమ్మతో ఎల్లినప్పుడు మొకాన కొట్టింది."

"అదేనండీ నా ఏర్పాటు! ఎండ మొహం మీద పడకుండా ప్లాను వేశాను."

"సూరీణ్ణి కూడా ఏర్పాటు సేసినారా!" అని ఆవిడ భక్తిగా దణ్ణం పెట్టారు. సూర్యుడికో నాకో తెలియలేదు. నాకే అనుకున్నాను.

గోపాలపట్నం దగ్గర రైలు కూసింది. ఆవిడ ఆగిపోయారు.

"రైలు ఆకర్న గదా ఇనబడాల?"

"ఉక్కు ఫ్యాక్టరీ వస్తోంది కదండీ. కొత్త లైన్లు వేశారు."

మాధవధారలో నీళ్ళ చప్పుడు విని మళ్ళీ ఆగారు. "ఇదీ ముందుకొచ్చేసిందేటి?"

"ఊరంతా మారిపోయిందండీ."

"అంతేనెండి. కొండ మన పక్కనే ఉంది గదా?"

"చెయ్యి చాపితే అందుతుంది," అన్నాను. ఏ పక్కన అని ఆవిడ అడగలేదు. అడగాల్సిన అవసరం వస్తుందని ఏ మనిషి అనుకుంటాడు?

పన్నెండు గంటలకి సముద్రం చేరాం. చార్టు ప్రకారం పది నిమిషాలు ముందే. ఒడ్డున జాలరిపేట ఆవిడ ఒకామె ఎండుచేపల గంప దించుకుని కూర్చుంది.

"ఎక్కడ్నుంచమ్మా ఒత్తన్నారు?" అని అత్తగారిని పలకరించింది.

"అప్పన్న కొండ సుట్టుకొత్తన్నాం తల్లీ."

"అడవివరం మీంచేనా?"

నా గొప్ప నేను చెప్పుకోకపోతే ఎలా? "కాదమ్మా, గోపాలపట్నం మీంచి. అడవివరం మధ్యాహ్నం పెట్టాను, నీడ కోసం," అని చార్టు విప్పి చూపించాను.

ఆమె చార్టు చూడలేదు. నన్ను చూసింది. "అయ్యబాబోయ్! కొండని ఎడంసేతి కాడెట్టుకుని తిరుగుతన్నారా? అది సితి కాడ తిరుగుడు గాదేటి బాబూ!"

అత్తగారు నా చేతిలోంచి తన చెయ్యి తీసుకున్నారు. "కొండ ఇంతసేపూ ఏ పక్కనుంది బాబూ?"

"ఎడమ పక్కనండీ."

ఆవిడ ఇసకలో కూలబడ్డారు. "నా కూతురు బతకాలని మొక్కినాను బాబూ. దాని పేరెట్టుకుని సచ్చినోళ్ళకి తిరిగినట్టు తిరిగినాను," అని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చారు. నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది, ఎందుకంటే ఆవిడ ఇక బల్లెక్కరని, చూపు పోతుందని, దానికి కారణం నేనేనని అప్పుడు అర్థమైంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అంటారు గానీ, ఎద్దుకి కళ్ళుంటేనే చేనుకి ఎక్కువ నష్టం.

"టాక్సీ తెస్తానండీ. తొలిమెట్టు దగ్గర దింపి, మళ్ళీ మొదటి నుంచీ..." అంటూ చార్టు వెనక కొత్త చార్టు మొదలుపెట్టాను.

"ఆ కాయితం ఇలాగియ్యి బాబూ," అంది చేపలావిడ. ఇచ్చాను. నిమ్మళంగా దాన్ని రెండు ముక్కలు చేసి, ఎదురుగా నిలబడ్డ బేరానికి ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టి ఇచ్చింది. తర్వాత అత్తగారి వైపు తిరిగి, లేవమని చెయ్యి అందించింది. "నెగు అత్తా. తెలిసి సేసినావేటి? ఒచ్చిందంతా సంద్రంలో ముంచీసి, ఇక్కడ్నుంచే మొదలెట్టు. కొండ సుట్టూ తిరిగినోడికి మొదలేటి, సివరేటి?"

అత్తగారు ఆ చెయ్యి పట్టుకున్నారు. లేచి, తల మునిగేలా మూడు మునకలు వేసి వచ్చారు.

"వచ్చిన దారినే ఎల్తే కొండ కుడిసేతి కాడ ఉంటాది గదా?"

"ఉంటుందండీ. కానీ ఇప్పటికే పది మైళ్ళ పైన..."

"అయితే ఎల్దాం. జోళ్ళిప్పండి బాబూ."

విప్పాను. మే నెల తారురోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, కాలిన అట్లపెనం మీరూ చూసే ఉంటారు. వెంకోజీపాలెం దగ్గర ఒక బొబ్బ. కైలాసపురం వచ్చేసరికి లెక్కపెట్టడం మానేశాను. మాధవధార దగ్గర నేను అత్తగారి భుజం పట్టుకుని కుంటుతున్నాను. ఆవిడ రోడ్డు అంచు కాలితో తడుముకుంటూ ముందు నడుస్తున్నారు. టీకొట్టు ముందున్న పెద్దాయన నా వాలకం చూసి జాలిపడ్డాడు.

"పాపం, కుర్రోడికి కళ్ళు అవుపడవేటమ్మా?"

"సిన్నప్పట్నుంచీ అంతే బాబూ," అన్నారు అత్తగారు. "పెళ్ళప్పుడు మేం సూసుకోనేదు."

దీపాలు పెట్టేవేళకి సత్రం చేరాం. ఆవిడే నా కాళ్ళకి కొబ్బరినూనె రాశారు. వద్దన్నా వినలేదు. అంత బతుకు బతికి అత్తగారి చేత కాళ్ళు పట్టించుకున్న అల్లుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. మర్నాడు పొద్దున్నే బయల్దేరి, అడవివరం మీదుగా, ముడసర్లోవ చెట్ల నీడలో, ఎండ మొహాన కొడుతుంటే మళ్ళీ సముద్రం చేరాం. ఆవిడ నీళ్ళలో నిలబడి కొండ ఉన్న వైపు తిరిగి దణ్ణం పెట్టారు.

"దారి తప్పు నా అల్లుడిది, నడక నాది. నడకే లెక్కెట్టుకో తండ్రీ," అన్నారు.

అప్పన్న లెక్కపెట్టుకున్నాడో లేదో అని ఆపరేషన్ రోజున ఆసుపత్రి వరండాలో తిరుగుతూనే ఉన్నాను. కట్టు విప్పి అద్దాలు పెట్టిన రోజు మంచం చుట్టూ నిలబడ్డాం. ఆవిడ ముందు కూతుర్ని చూశారు. మనవణ్ణి చూసి బుగ్గలు తడిమారు. తర్వాత నన్ను చాలాసేపు చూశారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాపి, "పదండి అత్తయ్యగారూ, ఇంటికి తీసుకెళ్తాను," అన్నాను.

ఆవిడ ఆ చేతిని పక్కకి జరిపారు.

"ఒద్దు బాబూ. ఇప్పుడు నాకు అవుపడతంది. మీరే నా ఎనకాల రండి."

వార్డు వార్డంతా నవ్వింది. సుశీల అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ ఆసుపత్రి మెట్ల మీదే నేను సింహాద్రి అప్పన్న సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ దేవుడి దారినీ బాగుచెయ్యబోను. ఎండ ఉన్నచోట ఎండలోనే నడుస్తాను. ఏ కొండ చుట్టూ తిరగాల్సి వచ్చినా ముందు ఎవరో ఒక ముసలమ్మ నడుస్తుందేమో చూసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, నోరు మూసుకుని ఆవిడ వెనకాలే వెళ్తాను.