మా అమ్మాయి గంజన్నం

నౌపడ ఉప్పు కొఠార్లలో నేను గుమస్తాగా ఉన్న రోజులవి, పంతొమ్మిది వందల యాభైల నడిమి సంవత్సరాలు. ఆరేళ్ల మా అమ్మాయి రెండే తినేది: ఉప్పేసిన గంజన్నం, లేత కొబ్బరి. కూర కలిపితే గొంతు పట్టుకునేది. పళ్లెంలో చేప ముక్క కనబడితే పక్క గదిలోకి పోయేది. ఇదొక జబ్బని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు. అప్పట్లో మాకు తెలిసిన పేరు మొండితనం ఒక్కటే.

టెక్కలిలో ఒక పెళ్లి భోజనాల దగ్గర అది ఏమీ ముట్టకుండా విస్తరి ముందు కూర్చుంటే మా బావమరిది నవ్వాడు. "దొరసానికి మన కూడు పడదేటి బావా? ఓడ మీద తెప్పించాలేటి?" పంక్తంతా నవ్వింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. అమ్మాయి ఆకలి గుచ్చుకోలేదు.

మర్నాడు మా ఆవిడ నూతి దగ్గరికి వెళ్లినప్పుడు, గంజిలో చెంచాడు చేపల పులుసు నేనే కలిపాను. అలా అలవాటైపోతుందనుకున్నాను.

అమ్మాయి ముద్దను నోటి దగ్గర ఆపి నా వైపు చూసింది. "నాన్నా, ఇది నా అన్నం కాదు."

"అదేనమ్మా. మీ అమ్మ వండిందే, తిను."

నా మాట నమ్మి మింగింది. వెంటనే కక్కుకుంది. ఆ పూట నుంచి గంజి కూడా మానేసింది.

"ఆకలైతే అదే తింటాది. ఎవులూ ఏటీ ఎట్టకండి," అంది మా అమ్మ. సరేనన్నాను. రెండు రోజులు కొబ్బరినీళ్లు తప్ప ఏమీ దిగలేదు. మూడో రోజు పొద్దున, పెదాలు పగిలి, నా మోకాలికి ఆనుకుని కూర్చుని మెల్లగా అంది. "ఆకలేత్తంది నాన్నా. తినాలనే ఉంది. నోటికాడికి తెత్తే గొంతు మూసుకుపోతంది."

తినాలని ఉండి కూడా తినలేకపోవడమనేది ఒకటి ఉంటుందని అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

"ఆ రోజు పులుసు కలిపింది నేనే. నీకు అబద్ధం చెప్పాను," అన్నాను.

"అమ్మ కాదా మరి?" అంది. రెండు రోజులుగా అది తల్లిని అనుమానిస్తూ ఉందన్నమాట.

దాన్ని భుజాన వేసుకుని సంతకు వెళ్లి, అది ఏరుకున్న కొత్త కుండ కొన్నాను. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, దాని కళ్లముందే బియ్యం కడిగి వండాను.

"ముందు నువ్వు తిని సూపు," అంది. తిన్నాను.

అప్పుడు ఒక్క మెతుకు తీసి పెదవికి ఆనించింది. దించేసింది. మళ్లీ ఆనించింది. కళ్లు గట్టిగా మూసుకుని నాలుక మీద పెట్టుకుంది. భావనపాడులో పెద్ద కెరటాల మీదికి తెప్పలు తోసేవాళ్లను చాలాసార్లు చూశాను. ఇంత ధైర్యం ఎక్కడా చూడలేదు. ముప్పై ఏళ్లుగా పూటపూటా తింటున్నాను, తినడం ఇంత పెద్ద పనని నాకు తెలియదు.

నాలుగు ముద్దలు తింది. "రేపు కూడా నా ముందే వండు," అంది.

రెండేళ్లపాటు ఆఫీసుకు పోయేముందు అలాగే వండాను. ఒక్కరోజు కూడా అది కుండలోకి తొంగిచూడకుండా తినలేదు. అలా చూడటానికి వచ్చినప్పుడల్లా నేను పక్కకు జరిగి చోటిచ్చేవాణ్ణి.