పోశం పేరు మీది కారు

జిల్లా రవాణా ఆఫీసు ఎదురుగా నా జిరాక్సు దుకాణం. పదహారేళ్లుగా ఫారాలు నింపుతున్నాను. కొత్త బండి కొన్నవాళ్లను చూస్తే నాకు చిరాకు. బండి మీద పూలదండ వాడకముందే వచ్చేస్తారు, చేతిలో సగం కాగితాలుండవు. "రోజారాణి మేడమ్, జర జల్ది" అంటారు. కాగితాల జాగ్రత్తేదో షోరూంలో సంతకం పెట్టేటప్పుడు ఉండొద్దూ!

ఆ రోజు బెల్లంపల్లి నుంచి వచ్చిన పెద్దమనిషి మాత్రం తొందర పెట్టలేదు. బొగ్గుబాయిలో ముప్పై అయిదేళ్లు పనిచేసి, ఆ మధ్యే రిటైరయ్యాడట. చిన్న తెల్లకారు గోడవారగా ఆపి, భార్య బాలలక్ష్మిని అందులోనే కూర్చోబెట్టి, ప్లాస్టిక్ సంచితో నా దగ్గరికి వచ్చాడు. ఆమె ఒడిలో నాలుగు నిమ్మకాయలు. పక్కా నంబరు వచ్చాకే చక్రాల కింద పెట్టాలని పట్టుకొచ్చింది.

సంచి విప్పి చూశాను. కారు బిల్లు మీద, ఇన్సూరెన్సు మీద, తాత్కాలిక నంబరు కాగితం మీద పోశం అని ఉంది. ఆధార్ మీద, పింఛను పుస్తకం మీద లక్ష్మీరాజం.

"కాకా, పోశం ఎవరు?"

"నేనే బిడ్డా."

"మరి లక్ష్మీరాజం?"

"గదీ నేనే."

నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం స్టూలు మీద కూర్చుని నిదానంగా చెప్పుకొచ్చాడు. లక్ష్మీరాజం ఆయన అన్న. బాయి పనికి పిలుపు కాగితం అన్నకే వచ్చింది. చేరకముందే జ్వరమొచ్చి పోయాడు. వాళ్ల బాపు ఆ చావును ఎక్కడా రాయించలేదు. పదకొండో రోజు కాగానే కాగితం తమ్ముడి చేతిలో పెట్టి బండెక్కించాడు. అప్పటి బాయిల్లో ఇలా మారుపేరుతో చేరినవాళ్లు ఎంతమందో. హాజరు, జీతం, క్వార్టరు అన్నీ అన్న పేరు మీదే నడిచాయి. చివరికి అన్న వయసు లెక్కేసి మూడేళ్లు ముందే ఇంటికి పంపారు.

"పోశం అని పిలిచేటిది మా అవ్వ ఒక్కతే. ఆమె పోయి పన్నెండేండ్లాయె. ఇంట్లామె మొగని పేరు ఎత్తదాయె. గీ కారన్న నా పేరు మీద ఉండాలె అనుకున్న. ఊళ్లె ఓటరు కార్డు పోశం పేరు మీదనే ఉంటె, గదే ఇచ్చిన. ఆధార్ ఎన్కకు తెస్తనంటె షోరూం పిలగాడు సరే అన్నడు."

"మస్తు తెలివి చేసినవ్ కాకా. ఎల్లుండితోని టెంపరరీ నంబరు అయిపోతది. ఎరికేనా?"

ఎరుకే అన్నట్టు తలూపాడు. ఆఫీసు కిటికీ దగ్గర అనుకున్నట్టే అయింది. బిల్లు మీద, ఆధార్ మీద ఒకే పేరుంటే తప్ప తీసుకోం అన్నారు. షోరూంకి నేనే ఫోన్ చేశాను. కారు అమ్మిన కుర్రాడు పని మానేశాడు. మేనేజరు ఈయన్ని ఎన్నడూ చూడలేదు.

"బిల్లు మారాలంటె పోశం, లక్ష్మీరాజం ఇద్దరూ ఒక్కసారే వచ్చి సంతకం పెట్టాలె. పోశం బతికి లేడంటె, లేడని నోటరీ కాగితం పంపుండ్రి" అన్నాడు.

ఫోన్ పెట్టేసి, "రెండు పేర్లు ఒక్కనియే అని రాద్దాం కాకా. ఉన్నదున్నట్టు" అన్నాను.

"వద్దు బిడ్డా. గా కాగితం కంపెనీకి పోయిందంటె కేసు పెడ్తరు. పింఛను పోతది, దవాఖాన కార్డు పోతది. దాని షుగర్ మందులు, సూదులు గా కార్డు మీదనే వస్తయ్." కారులో ఉన్న భార్య వైపు చూశాడు. "పోశం లేడనే రాయి."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. టైపు చేయడం మొదలుపెట్టాను. లక్ష్మీరాజం అను నేను ప్రమాణం చేసి చెప్పునది ఏమనగా, నా తమ్ముడు పోశం మరణించినాడు. తేదీ దగ్గర ఆగిపోయాను.

"ఎప్పుడు పోయిండని రాయాలె?"

"ఎనబై తొమ్మిది, జూన్ పద్నాలుగు."

"గదేం తేదీ?"

"నేను మొదలు బాయిల దిగిన దినం."

ఆ తేదీనే కొట్టాలనిపించింది. అయినా చెప్పక తప్పలేదు. "చెల్లదు కాకా. పోయిన నెల కారు కొన్నోడు అప్పుడెట్ల సస్తడు? బిల్లు తర్వాతి తేదీ ఉండాలె."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "గట్లయితె ఇయ్యాల్టిదే ఎయ్యి."

వేశాను. లక్ష్మీరాజం అని సంతకం పెట్టాడు. ముప్పై అయిదేళ్ల అలవాటు, చెయ్యి ఎక్కడా తడబడలేదు. నోటరీ ముద్ర పడింది. ఫోన్లో పంపితే సాయంత్రంలోగా లక్ష్మీరాజం పేరు మీద కొత్త బిల్లు, మిగతా కాగితాలు వచ్చాయి. మర్నాడు పొద్దున కిటికీలో అన్నీ తీసుకున్నారు, నంబరు వచ్చింది.

బాలలక్ష్మికి చదువు రాదు. రసీదు అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీ పేరు మీదనే ఎక్కిందా?"

"ఆ. నా పేరు మీదనే."

ఆమె సంబరంగా దిగి, ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ పెట్టింది. ఆయన కారు ముందుకు కదిలించాడు.