అందించిన జవాబు

శశాంక్ కుడిచేతి చిటికెన వేలు పక్కకు వంగిపోయి ఉంటుంది. మెల్‌బోర్న్‌లో తొమ్మిదేళ్లు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ వృత్తిగా ఆడినందుకు మిగిలిన గుర్తు అది. ఇప్పుడు బెర్లిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, శనివారాలు అక్కడి మన తెలుగు స్టూడెంట్లకు ఆ ఆట నేర్పుతాడు. ఎవరి తలకు దెబ్బ తగిలినా ఆట ఆపించి, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, మెదడు అదిరిందేమో తెలుసుకోవడానికి ప్రతిసారీ అవే ప్రశ్నలు అడుగుతాడు. ఇది ఏ గ్రౌండ్? చివరి గోల్ ఎవరిది? పోయినవారం ఎవరు గెలిచారు? తడబడితే ఆ రోజుకు ఆట బంద్.

మొన్న మనోజ్ఞ పడి, తల నేలకు కొట్టుకుంది. "ఏం కాలేదన్నా, ఆడతా" అంటూనే, చివరి గోల్ ఎవరిదని అడిగితే తెల్లమొహం వేసింది. వెనక నుంచి సహస్ర మెల్లగా "ప్రవీణ" అని అందించింది. శశాంక్ మొహం పాలిపోయింది. ఇద్దరినీ బయటికి పంపేశాడు. "చిన్న హెల్పే కదన్నా" అంది సహస్ర. "నేను కూడా గట్లనే అనుకున్న" అన్నాడు. ఒకప్పుడు ఫైనల్ రోజున, తల తిరుగుతున్న స్నేహితుడు మాథ్యూకు డాక్టర్ వెనక నిలబడి జవాబులు అందించింది అతనే. మాథ్యూ మళ్లీ ఆటలోకి దిగాడు. రెండో దెబ్బకు జ్ఞాపకశక్తి పోయింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం శశాంక్ ఫోన్ చేస్తే, మాథ్యూ అడిగేది ఒకటే: "ఆ ఫైనల్ ఎవరు గెలిచారు?"

"మనమే" అని జవాబు శశాంకే అందిస్తాడు.